వాడిన నీళ్ళు ఎటు పోతాయి?



అద్దె ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు మన మగవాళ్ళు ఏం చూస్తారో మీకు తెలుసు. అద్దె ఎంత, బస్టాండు ఎంత దూరం, గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయి, ఇవి చూస్తారు. మనం మాత్రం తిన్నగా పెరట్లోకి వెళ్తాం. కుళాయి ఎక్కడుంది, నీళ్ళు ఎన్నింటికి వస్తాయి అని అడుగుతాం. ఆ వెంటనే ఇంకో మాట అడుగుతాం: "వాడిన నీళ్ళు ఎటు పోతాయండీ?" ఇంటావిడ నసిగిందంటే ఆ ఇంటి సంగతి మనకు అర్థమైపోతుంది. వర్షాకాలం వచ్చేసరికి ఆ పెరడు ఎలా ఉంటుందో, పక్కింటివాళ్ళతో ఎన్ని తగవులు వస్తాయో అప్పుడే కళ్ళకు కడుతుంది.

ఈ వేళ నేను మాట్లాడబోయేది ఆ రెండో ప్రశ్న గూర్చే. కాకపోతే ఇల్లు కొంచెం పెద్దది. దాని పేరు డేటా సెంటరు.

కిందటి పండక్కి మా ఆడపడుచు కొడుకు హైదరాబాదు నుంచి దర్శి వచ్చాడు. కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. భోజనాల దగ్గర వాడు ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. "అత్తా, మన రాష్ట్రానికి డేటా సెంటర్లు వస్తున్నాయి. విశాఖపట్నంలో గూగుల్ కంపెనీ పెట్టబోయేదానికి 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి. పొగ లేదు, బూడిద లేదు, చప్పుడు లేదు. ఇంతకంటే శుభ్రమైన పరిశ్రమ ఇంకోటి లేదు. మన దొనకొండకు కూడా ఒకటి వస్తే ఎంత బాగుంటుంది!"

మా అత్తగారు మంచం మీద కూర్చుని అన్నీ వింటున్నారు. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు వంకరపోయి చాలాకాలమైంది. మెడ పక్కకు తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. పుట్టినప్పటి నుంచీ ఈ ప్రాంతపు బావి నీళ్ళు, తరువాత బోరు నీళ్ళు తాగిన ఒళ్ళు అది. ఆవిడ మెల్లగా అడిగారు: "దాంట్లో నీళ్ళేమన్నా వాడతార్రా?"

"వాడతారు అమ్మమ్మా. మిషన్లు వేడెక్కుతాయి గదా, చల్లార్చడానికి."

"మరి వాడిన నీళ్ళు ఎటు పోతాయి?"

వాడు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఆగిపోయాడు. "అది నేనెప్పుడూ అడగలేదు అమ్మమ్మా" అన్నాడు. నిజాయితీ గల పిల్లవాడు. ఆ రాత్రి వాడూ నేనూ కూర్చుని ఆ సంగతంతా కాగితం మీద లెక్కవేసుకున్నాం. వాడికి కంప్యూటర్లు తెలుసు, నాకు వంటిల్లు తెలుసు. రెండూ కలిస్తేనే ఈ విషయం బోధపడింది. అదే మీకు చెబుతాను.

డేటా సెంటరంటే కంప్యూటర్ల గిడ్డంగి. మనం ఫోనులో పంపే ఫోటోలు, బ్యాంకు లెక్కలు, చూసే సినిమాలు, ఈ మధ్య అందరూ అడుగుతున్న కృత్రిమ మేధ జవాబులు అన్నీ అక్కడి యంత్రాల్లోనే ఉంటాయి. రాత్రింబగళ్ళు అవి పనిచేస్తూనే ఉండాలి. అవి తీసుకునే కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపకపోతే యంత్రాలు పాడవుతాయి.

వేడిని పంపడానికి రకరకాల పద్ధతులున్నాయి. చాలా చోట్ల వాడేది మన కుండ పద్ధతే. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండ ఒంటిమీది చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. అలాగే పెద్ద పెద్ద చల్లార్చే గోపురాలు కట్టి, వాటిలో నీళ్ళు జల్లుగా రాలుస్తూ, కొంత నీటిని ఆవిరిగా పోనిస్తారు. మిగిలిన నీరు చల్లబడి మళ్ళీ లోపలికి వెళుతుంది. ఇది మంచి ఉపాయమే. తప్పు పట్టవలసిందేమీ లేదు.

కానీ పొయ్యిమీద చారు పెట్టి మరిచిపోతే ఏమవుతుంది? నీళ్ళు ఇగిరిపోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. గిన్నెలో చారు సగమయ్యేసరికి నోట పెట్టుకోలేనంత ఉప్పగా ఉంటుంది. మనం కొత్తగా ఉప్పు వెయ్యలేదు, ఉన్న ఉప్పే చిక్కబడింది. చల్లార్చే గోపురంలోనూ ఇదే జరుగుతుంది. నీరు ఆవిరైపోతుంది. ఆ నీటిలో ఉన్న సున్నం, ఉప్పు, ఫ్లోరైడు అన్నీ అడుగున మిగిలిన నీటిలో పోగవుతాయి. మరీ చిక్కబడితే గొట్టాల లోపల మన బిందెల అడుగున కట్టే తెల్లని గార లాంటిదే కడుతుంది. అందుకని మధ్యమధ్య ఆ చిక్కని నీటిని కొంత బయటికి వదిలి, కొత్త నీరు పోస్తారు. ఆ వదిలిన నీళ్ళే మా అత్తగారు అడిగిన నీళ్ళు.

ఒక లెక్క చెబుతాను. నూరు బిందెల నీళ్ళు లోపలికి పోశారనుకోండి. 75 బిందెలు ఆవిరయ్యాయి. 25 బిందెలు బయటికి వదిలారు. నూరు బిందెల్లోని ఉప్పంతా ఆ 25 బిందెల్లో ఉంటుంది. అంటే నాలుగు రెట్లు చిక్కన.

ఇంకొంచెం పెద్ద లెక్క. ఒక మెగావాటు కరెంటు రోజంతా ఇచ్చే వేడిని కేవలం ఆవిరితోనే చల్లార్చాలంటే సుమారు 35 వేల లీటర్ల నీరు ఆవిరి కావాలి. 10 మెగావాట్ల చిన్న కేంద్రమైతే రోజుకు మూడున్నర లక్షల లీటర్లు గాలిలో కలుస్తాయి. పైన చెప్పిన వంతుల ప్రకారం దాదాపు లక్షా ఇరవై వేల లీటర్లు చిక్కని నీళ్ళుగా బయటికి వస్తాయి. రెండూ కలిపితే రోజుకు 4 లక్షల 70 వేల లీటర్లు లోపలికి పోవాలి. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అని లెక్క పెట్టింది. ఆ లెక్కన ఇది ఎనిమిదిన్నర వేలమంది నీళ్ళు. విశాఖలో 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది 10 మెగావాట్లు కాదు, గిగావాటు స్థాయి, అంటే వెయ్యి మెగావాట్లు. అక్కడ ఏ పద్ధతిలో చల్లారిస్తే ఎంత నీరు పడుతుందో ఆ ఊరివాళ్ళు అడగవలసిన మాట. అయితే గాలితోనో, మూసిన గొట్టాలలో తిరిగే ద్రవంతోనో చల్లార్చే పద్ధతులూ ఉన్నాయి. వాటికి నీరు చాలా తక్కువ పడుతుంది, కరెంటు ఎక్కువ పడుతుంది. కనుక ప్రతి డేటా సెంటరూ నీళ్ళు తాగేస్తుందని చెప్పడం న్యాయం కాదు. ఏ పద్ధతి అని అడగడమే న్యాయం.

ఉప్పు ఒక్కటే కాదు. చల్లార్చే నీటిలో నాచు పట్టకుండా, క్రిములు పెరగకుండా క్లోరిన్, బ్రోమిన్ వంటి మందులు వేస్తారు. గొట్టాలు తుప్పు పట్టకుండా ఫాస్ఫేటు, జింకు వంటివి కలుపుతారు. ఇవి చెరువులో పడితే క్లోరిన్ చేపలకు చేటు. ఫాస్ఫేటు నాచుకు ఎరువు. చెరువు పచ్చగా చిక్కబడి, నీటిలో ఊపిరాడక చేపలు తేలుతాయి. తోళ్ళ ఫ్యాక్టరీ నీళ్ళంత, మందుల ఫ్యాక్టరీ నీళ్ళంత ఘోరమైనవి కావు ఇవి. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. చూడడానికి తేటగానే ఉంటాయి. ఆ తేటదనమే మనల్ని మోసం చేస్తుంది. ఫ్లోరైడు నీళ్ళు మాత్రం తేటగా లేవూ?

ఇక మన సంగతికి వస్తాను. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన డాక్టర్ షార్ట్, ఆయన తోటివాళ్ళు కలిసి ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశారు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో జనం నడుములు వంగిపోవడానికి, కీళ్ళు బిగుసుకుపోవడానికి కారణం తాగే నీటిలోని ఫ్లోరైడు అని అందులో చెప్పారు. మన దేశంలో ఈ జబ్బుకు పేరు పెట్టి చెప్పిన తొలి వ్యాసం అదే. ఆ రోజుల్లో మన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాకనే మనం ఇటు వచ్చాం. 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అంటే మన ఊళ్ళ పేరు వైద్య పుస్తకాలకెక్కింది మన నీళ్ళ వల్లనే. గొప్ప చెప్పుకునే సంగతి కాదు, మరిచిపోయే సంగతీ కాదు.

తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు దాకా ఉండవచ్చునని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. ఇప్పుడు చారు లెక్క మళ్ళీ వేయండి. ఒక మిల్లీగ్రాము ఉన్న మంచినీళ్ళు గోపురంలోకి పోసి, నాలుగు రెట్లు చిక్కబరిచి వదిలితే అవి నాలుగు మిల్లీగ్రాముల నీళ్ళవుతాయి. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటిలో ఫ్లోరైడు రెండు మిల్లీగ్రాములు దాటకూడదు. చూశారా! కంపెనీవాడు ఒక్క చెంచాడు ఫ్లోరైడు కూడా కలపలేదు. మన తాగే ప్రమాణానికి సరిపోయిన నీళ్ళే తీసుకున్నాడు. అయినా బయటికి వచ్చేసరికి అవి నియమానికి రెండింతలయ్యాయి. వేరే ప్రాంతంలో ఇది చిన్న విషయం కావచ్చు. మన పడమటి ప్రకాశంలో, బోర్లలో ఒకటిన్నర దాటిన నీళ్ళు ఎన్నో పల్లెల్లో ఉన్నచోట, ఇది చిన్న విషయం కాదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ఇంటి మాట. ఫ్లోరైడు నీళ్ళు కాచి తాగితే మంచిదని ఇప్పటికీ కొందరు తల్లులు అనుకుంటున్నారు. కాస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఇగిరినకొద్దీ అది ఎక్కువవుతుంది. పసిపిల్లల పాలకు, పప్పుకు ఫ్లోరైడు బోరు నీళ్ళు వాడకండి. సాగర్ కాలవ నీళ్ళు గాని, శుద్ధి చేసిన నీళ్ళు గాని వాడండి.

మనకు వాగులున్నాయి గాని నీళ్ళున్న వాగులు కావు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం పక్కగా వచ్చి, అద్దంకి దాటి, మల్లవరం దగ్గర రిజర్వాయరులో చేరుతుంది. ఆ కంభం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమన్న గుర్తింపు వచ్చింది. ఇటు పొదిలి వైపు మన మూసి ఉంది, హైదరాబాదు మూసీ కాదు. వేసవిలో ఇవి చాలా చోట్ల ఇసుక మేటలే. అక్కడక్కడ మడుగుల్లో నిలిచిన నీళ్ళే గొడ్లకు, గొర్రెలకు ఆధారం.

ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. వదిలే నీటికి ఇంత ఉప్పుండవచ్చు, ఇంత మందుండవచ్చు అని నియమాలు రాసినప్పుడు, అవి పారే నీటిలో కలిసి పలచబడతాయన్న ఆశ దాని వెనక ఉంటుంది. గోదావరిలో పది బిందెలు పోస్తే ఏముంది? కానీ ఏప్రిల్, మే నెలల్లో మన వాగులో పోస్తే కలవడానికి నీళ్ళేవి? వాగులో నీళ్ళు లేనప్పుడు వదిలిన నీళ్ళే వాగు. ఆ మడుగులోనే మన గేదె దిగుతుంది. ఆ ఇసుకలోనే చెలమ తీసి బిందె ముంచుకుంటాం.

"బయటికి వదలం, మా ఆవరణలో చెట్లకు పోసుకుంటాం" అంటారు కొందరు. వినడానికి బాగానే ఉంటుంది. ఉప్పు నీళ్ళు ఏళ్ళ తరబడి పెట్టిన చేను ఏమవుతుందో రైతు ఇళ్ళలో పుట్టిన మీకు నేను చెప్పాలా? చౌడు తేలుతుంది. మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డతో చెరిపేయవచ్చు. భూమిలోకి దిగిన ఉప్పును ఏ గుడ్డతో తుడుస్తాం?

ఇంకొందరు "మిషన్లు పెట్టి నీళ్ళన్నీ శుద్ధి చేసి మళ్ళీ వాడతాం, చుక్క కూడా బయటికి రాదు" అంటారు. అది చెయ్యవచ్చు, మంచిదే. కాని నీళ్ళన్నీ తీసేశాక మిగిలేది ఉప్పు బస్తాలు. ఆ బస్తాలు ఎక్కడ వేస్తారు, మొదటి వానకు కరిగి మళ్ళీ కుంటలోకి రావు కదా అని అడగాలి. మన ప్రశ్న ఒకటే, వేషం మార్చుకుంటుంది అంతే.

మా పుట్టింటి ఊరి దగ్గర జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పేర్లు అనవసరం. కొన్నేళ్ళ కిందట అక్కడ ఒక చిన్న ఫ్యాక్టరీ వచ్చింది. పదిమందికి పని దొరికిందని ఊరంతా సంతోషించాం. కొబ్బరికాయ కొట్టిన రోజు మా అమ్మ కూడా వెళ్ళి ప్రసాదం తెచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి ఊరి కుంటలో గేదెలు మూతి పెట్టి వెనక్కి తీసుకోవడం మొదలెట్టాయి. మా వదిన నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళి అడిగితే అక్కడాయన తలెత్తకుండా, "అనుమతి ఎప్పుడో ఇచ్చారమ్మా. అడగాలనుకుంటే అప్పుడే అడగవలసింది" అన్నాడట. వదిన ఇంటికొచ్చి ఏడ్చింది. గేదె కోసం కాదు. "అప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం గదా" అని ఏడ్చింది.

తరువాత అడిగినవాళ్ళ కథ మన తెలుగు నేల మీద ఇంకొకటుంది. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1970ల నుంచి మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. వాటి నీళ్ళు నక్కవాగులో పడ్డాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. బావులు చెడి, పొలాలు చెడి, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ తరువాతనే ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఫ్యాక్టరీ ముందు వచ్చి, తూము గురించిన ఆలోచన ఇరవై ఏళ్ళకు వచ్చింది. డేటా సెంటర్ల విషయంలోనూ రంగారెడ్డి జిల్లా మేకగూడలో తుంగకుంట చెరువును పాడుచేస్తున్నారని గ్రామస్థులు ఆరోపించిన సంగతి పత్రికలకెక్కింది. నిజానిజాలు తేల్చవలసినవాళ్ళు తేలుస్తారు. మనం నేర్చుకోవలసింది ముందే అడగడం.

ముందే అడిగినచోట ఏం జరుగుతుందో కూడా చూద్దాం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో క్విన్సీ అని చిన్న ఊరు. బంగాళాదుంపలూ ఆపిల్ పళ్ళూ పండించుకునే రైతుల ఊరు. అక్కడ డేటా సెంటర్లు వచ్చాయి. వాటి నుంచి వచ్చే ఉప్పు నీళ్ళను ఊరి మురుగునీటి కేంద్రం తట్టుకోలేదని తేలింది. చివరికి ఊరి పాలకవర్గమూ మైక్రోసాఫ్టు కంపెనీ కలిసి ఆ నీళ్ళ కోసమే వేరే శుద్ధి కేంద్రం కట్టారు. 2021లో అది పనిలోకి వచ్చింది. శుద్ధి చేసిన నీళ్ళు తిరిగి డేటా సెంటరుకే పోతాయి. కంపెనీ వెళ్ళిపోలేదు, ఉద్యోగాలు పోలేదు, భూగర్భజలం మిగిలింది.

ఆ పక్కనే ఆరెగాన్ రాష్ట్రంలో ది డాలెస్ అనే మరో ఊళ్ళో కథ వేరేగా నడిచింది. డేటా సెంటరు ఎన్ని నీళ్ళు వాడుతోందో చెప్పమని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమని ఊరి పాలకవర్గమే కోర్టుకెక్కింది. చివరికి 2022 డిసెంబరులో రాజీపడి లెక్క బయటపెట్టారు. 2021లో గూగుల్ వాడినది 35 కోట్ల 50 లక్షల గ్యాలన్లు, మన లెక్కలో 134 కోట్ల లీటర్లు. ఊరి మొత్తం వాడకంలో నాలుగో వంతుకు పైనే. ఊరి నీళ్ళ లెక్క ఊరివాళ్ళకు రహస్యమట! వీధి కుళాయి దగ్గర ఎవరు ఎన్ని బిందెలు పట్టారో మనలో ఎవరికి తెలియదు చెప్పండి?

చట్టం మన పక్కన లేదా అంటే, ఉంది. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1976లో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. మండలి అనుమతి లేకుండా ఎవరూ వాడిన నీళ్ళను వాగులోకి గాని, చెరువులోకి గాని, నేలమీదికి గాని వదలడానికి వీల్లేదు. అనుమతి ఇచ్చేటప్పుడు షరతులు పెడతారు. ఆ షరతులన్నీ ఒక రిజిస్టరులో రాసి ఉంచాలని, ఆ నీళ్ళ వల్ల ఇబ్బంది పడేవాళ్ళు ఎవరు వచ్చి అడిగినా దాన్ని చూపాలని అదే చట్టం 25వ సెక్షనులో ఉంది. మా వదినకు ఆ రోజు ఈ సంగతి తెలిస్తే ఏడుస్తూ తిరిగొచ్చేది కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టి అడగవచ్చు. అప్పటికీ దారి దొరక్కపోతే 2010 చట్టంతో ఏర్పడిన హరిత ట్రిబ్యునల్ ఉంది. దాని దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది.

కానీ చట్టంలో కన్నాలూ ఉన్నాయి. రసాయన ఫ్యాక్టరీ వంటి వాటికి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ఊళ్ళో బహిరంగ విచారణ పెడతారు. 2006 నోటిఫికేషను ప్రకారం భవన నిర్మాణాల కోవలోకి వచ్చేవాటికి ఆ విచారణ అక్కర్లేదు. డేటా సెంటరును భవనం కింద చూపిస్తే ఊరివాళ్ళు నోరు తెరిచే సందర్భమే రాదు. పైకి అది భవనమే, ఒప్పుకుంటాను. కాని రోజుకు లక్షల లీటర్లు మరిగించే భవనం మామూలు ఇల్లు కాదు కదా!

అయితే మనం ఏం కోరాలి? మేనల్లుడూ నేనూ రాసుకున్న కాగితం చదువుతాను.

ఒకటి. అనుమతి ఇవ్వకముందే నీళ్ళు ఎక్కడ నుంచి తెస్తారు, వాడిన నీళ్ళు ఎటు పంపుతారు అన్న రెండు సంగతులూ తెలుగులో రాసి గ్రామసభలో చదవాలి. గొట్టం ఏ వాగు దగ్గర తేలుతుందో పటం మీద చూపాలి.

రెండు. థర్మల్ విద్యుత్ కేంద్రాల చల్లార్చే గోపురాల నుంచి వదిలే నీటికి 1986 నియమాల్లో వేరే కొలత ఉంది. లీటరుకు క్లోరిన్ అర మిల్లీగ్రాము, జింకు ఒకటి, ఫాస్ఫేటు అయిదు దాటకూడదు. మామూలు కొలతలో క్లోరిన్ ఒకటి, జింకు అయిదు దాకా వదలవచ్చు. గోపురం గోపురమే కదా. బొగ్గు వేడి చల్లార్చినా, కంప్యూటరు వేడి చల్లార్చినా వచ్చే నీళ్ళు ఒకే రకం. కాబట్టి డేటా సెంటర్లకూ ఆ గట్టి కొలతే పెట్టాలి. మన ప్రాంతంలో ఫ్లోరైడుకూ, మొత్తం లవణాలకూ కూడా కొలత ఉండాలి.

మూడు. వాగు పారని నెలల్లో చుక్క కూడా వదలకూడదు. సాగర్ కాలవలోకి, మంచినీటి చెరువుల్లోకి ఏ నెలలోనూ వదలకూడదు. 1967లో కాలవలకు నీళ్ళు వదిలిననాటి నుంచి మనం కుడికాలవ చివరి భూముల వాళ్ళం. పైవాళ్ళందరూ వాడుకున్నాక మిగిలినవే మన దర్శి బ్రాంచికి వస్తాయి. ఆ మిగిలిన నీళ్ళు చెడితే మనకు ఇంకో కాలవ లేదు.

నాలుగు. బయటికి వచ్చే గొట్టానికి మీటరు పెట్టి, ఎన్ని లీటర్లు, ఎంత ఉప్పు, ఎంత వేడి అన్నది గేటు బయట బోర్డు మీద రోజూ రాయాలి. వదిలే నీరు వాగు నీటికంటే అయిదు డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదని నియమం ఉండనే ఉంది. అది పాటిస్తున్నారని మనకు తెలియాలి.

అయిదు. మంచినీళ్ళు మిషన్లకు పొయ్యకూడదు. పట్టణాల మురుగునీటిని శుద్ధి చేసి వాటినే వాడాలి. వాడినవాటిని మళ్ళీ శుద్ధి చేసుకోవాలి. మిగిలిన ఉప్పు ఎక్కడికి పోతుందో లెక్క చెప్పాలి.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. వేల కోట్లు పెట్టేవాళ్ళకు ఒక శుద్ధి కేంద్రం, ఒక మీటరు, ఒక బోర్డు బరువు కాదు. కట్టకముందు అడిగితే అది పథకంలో ఒక గీత. కట్టాక అడిగితే అది కోర్టు కేసు.

దొనకొండకు డేటా సెంటరు వచ్చిందని గాని, వస్తుందని గాని నేను చెప్పడం లేదు. బ్రిటిషువాళ్ళ నాటి విమానాల మైదానం ఉన్న ఊరది, రైలు ఉంది. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడారు పథకంలో దొనకొండ పేరూ రాశారు. ఏదో ఒక రోజు ఏదో ఒకటి వస్తుంది. రావాలి కూడా. మన పిల్లలు పనుల కోసం హైదరాబాదు, బెంగుళూరు పోయి, ఇక్కడ ముసలివాళ్ళం తలుపులు వేసుకుని కూర్చున్న ఇళ్ళు ఎన్ని లేవు? నా మేనల్లుడు దర్శి నుంచే ఉద్యోగానికి వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినే రోజు వస్తే నాకంటే సంతోషించేవాళ్ళుండరు. కాని వాడు ఇంటికొచ్చి తాగే గ్లాసు నీళ్ళు వాళ్ళ అమ్మమ్మ తాగిన నీళ్ళలాంటివి కాకూడదు.

కొబ్బరికాయ కొట్టే రోజున వేదిక మీద పెద్దలు చాలామంది ఉంటారు. ఉద్యోగాలెన్ని అని మగవాళ్ళు అడుగుతారు. అడగనివ్వండి, అదీ కావలసిందే. ఆ రోజు వచ్చేదాకా ఆగకుండా, ఈ నెల మీ పొదుపు సంఘం కూర్చున్నప్పుడు ఈ మాట ఒకసారి ఎత్తండి. మీ ఊరి నీళ్ళు ఏ బోరువి, ఫ్లోరైడు పరీక్ష ఎప్పుడు చేశారు, మీ ఊరి పల్లం ఎటు, వాన నీళ్ళు ఏ వాగులో చేరతాయి, ఇవి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ముందు మన నీళ్ళు ఎలా ఉండేవో రాసి లేకపోతే, తరువాత చెడ్డాయని ఎలా నిరూపిస్తాం?

మేనల్లుడు హైదరాబాదు తిరిగి వెళ్ళేటప్పుడు మా అత్తగారి కాళ్ళకు దండం పెట్టాడు. ఆవిడ వంగి దీవించలేరు, చెయ్యి మాత్రం చాపి వాడి తల తాకారు. "అమ్మమ్మా, మా ఆఫీసులో అడుగుతాను" అన్నాడు వాడు. "ఏమనిరా?" అన్నారావిడ.

"వాడిన నీళ్ళు ఎటు పోతాయని."

పోయిన వారం ఫోను చేశాడు. అడిగాడట. ఆయనకూ తెలియదట, కనుక్కుని చెబుతానన్నాడట. మా అత్తగారికి ఆ మాట చెబితే, "సరే, ఒకడు కనుక్కుంటున్నాడు గదా" అన్నారు.

మీరు కూడా కనుక్కోండి.